సిక్స్త్ ఫామ్‌లో సోషియాలజీ: ఇంగ్లండ్‌లోని తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లో పిల్లలు 16 ఏళ్లకి జీసీఎస్‌ఈ పరీక్షలు రాసి సిక్స్త్ ఫామ్‌లో చేరతారు. ఇయర్ 12, ఇయర్ 13 అని రెండేళ్లు, మామూలుగా మూడు సబ్జెక్టులు. ఈ రెండేళ్ల కోర్సులనే ఏ-లెవెల్ అంటారు. మన ఇళ్లలో ఆ మూడూ చాలాసార్లు ముందే ఖరారై ఉంటాయి: మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ. డాక్టర్ చదువు అనుకుంటే ఫిజిక్స్ బదులు బయాలజీ. ఇలాంటి ఇంట్లో పిల్ల "నేను సోషియాలజీ తీసుకుంటా" అనగానే తెలిసినవాళ్లందరికీ వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి. అలా నాకు వచ్చే ప్రశ్నలు ఇవి. నేను ఈ సబ్జెక్టు చెప్పేదాన్ని కాబట్టి దీని మీద కొంచెం ప్రేమ ఎక్కువే. ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

అసలు ఇందులో ఏం చదువుతారు?

సమాజం ఎలా నడుస్తుంది, ఎవరికి ఏది దక్కుతుంది, ఎందుకు దక్కుతుంది అన్నవే ప్రధాన ప్రశ్నలు. ఎక్కువ స్కూళ్లు ఏక్యూఏ బోర్డు సిలబస్ చెప్తాయి, కొన్ని ఓసీఆర్, ఎడ్యూకాస్ తీసుకుంటాయి. ఇక్కడ నేను చెప్పే వివరాలు ఏక్యూఏవి. విద్య, నేరం, పరిశోధన పద్ధతులు, సిద్ధాంతాలు అందరికీ తప్పనిసరి. వీటితోపాటు కుటుంబం, ఆరోగ్యం, మతవిశ్వాసాలు, మీడియా, ప్రపంచ అభివృద్ధి లాంటి వాటిలోంచి రెండు టాపిక్‌లు ఉంటాయి. ఆ రెండూ ఏవో చాలాచోట్ల స్కూలే నిర్ణయిస్తుంది. అందుకని ఓపెన్ ఈవెనింగ్‌కి వెళ్లినప్పుడు "మీరు ఏ టాపిక్‌లు చెప్తారు?" అని అడగండి. బిల్డింగ్ బాగుందా, క్యాంటీన్ బాగుందా అని చూడటం కన్నా ఇది ఎక్కువ పనికొస్తుంది.

జీసీఎస్‌ఈలో సోషియాలజీ చదవలేదు. పర్వాలేదా?

పర్వాలేదు. క్లాసులో చాలామంది కొత్తవాళ్లే ఉంటారు. స్కూళ్లు ముఖ్యంగా చూసేది ఇంగ్లిష్ గ్రేడు. ఎంత కావాలన్నది ఒక్కో స్కూల్లో ఒక్కోలా ఉంటుంది.

ఇది ఈజీ సబ్జెక్ట్ అంటారు కదా?

అంటారు. మ్యాథ్స్ రానివాళ్లు తీసుకునేది అని కూడా అంటారు. ఈ మాట నమ్మి చేరిన పిల్లలకే మొదటి టెస్టులో దెబ్బ తగులుతుంది.

మొదటి నెల నిజంగానే ఈజీగా ఉంటుంది. టీచర్ కుటుంబం గురించో స్కూల్ గురించో మాట్లాడుతుంటే "ఇదంతా నాకు తెలిసిందే" అనిపిస్తుంది. కష్టం అక్కడే ఉంది. కెమిస్ట్రీలో రానిది రాలేదని వెంటనే తెలిసిపోతుంది. ఇందులో అంతా అర్థమైనట్టే ఉంటుంది, పేపర్ మీద పెడితే 10 మార్కులకి 4 వస్తాయి. ఏ వాదన ఎవరిది, దానికి ఆధారం ఏమిటి, దాన్ని కాదన్నవాళ్లు ఏమన్నారు, అడిగిన ప్రశ్నకి అది ఎలా వర్తిస్తుంది అన్న నాలుగూ ఒకే పేరాలో రావాలి. చదవడం, రాయడం అంటే విసుగున్న పిల్లలకి ఈ సబ్జెక్ట్ ఇవ్వొద్దనే నేను చెప్తాను. మ్యాథ్స్ నుంచి తప్పించుకోవడానికి దీన్ని వాడుకోవడం అస్సలు మంచిది కాదు.

పరీక్షలు ఎలా ఉంటాయి?

కోర్స్‌వర్క్ లేదు. ఇయర్ 13 చివర్లో మే, జూన్ నెలల్లో మూడు పేపర్లు, ఒక్కోటి 2 గంటలు, 80 మార్కులు. మూడింటికీ సమానమైన బరువు. మొదటిది విద్య, రెండోది స్కూల్ ఎంచుకున్న రెండు టాపిక్‌లు, మూడోది నేరం. పరిశోధన పద్ధతులు, సిద్ధాంతాలు మొదటి, మూడో పేపర్లలో వస్తాయి.

లెక్క వేస్తే మార్కుకి నిమిషంన్నర. అంటే 30 మార్కుల వ్యాసానికి 45 నిమిషాలు, 10 మార్కుల ప్రశ్నకి పావుగంట. ఇంట్లో ప్రాక్టీస్ చేసేటప్పుడు ఫోన్‌లో టైమర్ పెట్టుకునే రాయాలి. తీరుబడిగా గంటన్నర కూర్చుని రాసిన అందమైన వ్యాసం పరీక్ష గురించి ఏమీ చెప్పదు.

30 మార్కుల వ్యాసంలో విషయ పరిజ్ఞానానికి 12 మార్కులే. ప్రశ్నకి అన్వయించడానికి 9, విశ్లేషణకీ విమర్శకీ 9. బట్టీ పట్టి మొత్తం అప్పజెప్పినా సగం మార్కులు కూడా దాటవన్నమాట. మన దగ్గర ఇంటర్ చదివి వచ్చిన అమ్మానాన్నలకి మింగుడుపడనిది ఇదే. "నోట్స్ మొత్తం వచ్చు, అయినా సీ గ్రేడ్ ఏమిటి?" అని నన్ను అడుగుతారు. నోట్స్ వచ్చు, నిజమే. ప్రశ్న అడిగింది వేరు.

సొంత అభిప్రాయం రాయొచ్చా?

"నాకు అనిపిస్తుంది" అని మొదలుపెట్టి రాస్తే మార్కులు రావు. మీ వీధిలో, మీ ఇంట్లో చూసింది సాక్ష్యం కాదు. అది ప్రశ్న పుట్టడానికి మాత్రం పనికొస్తుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. "ఈ రోజుల్లో ఇక్కడ ఎవరూ చర్చికి పోవడం లేదు" అని పిల్లవాడు రాస్తే అది ఊసుపోక చెప్పే కబురు. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో క్రైస్తవులమని చెప్పుకున్నవాళ్లు 46.2 శాతమని, ఏ మతమూ లేదన్నవాళ్లు 37.2 శాతమని రాస్తే అది సాక్ష్యం. ఆ వెంటనే "ఫారంలో టిక్ పెట్టడం, నమ్మడం, గుడికో చర్చికో వెళ్లడం మూడూ ఒకటేనా?" అని అడిగితే అది సోషియాలజీ. శివరాత్రికి మాత్రమే గుడికెళ్లే మనవాళ్లు హిందూ అని టిక్ పెడతారా లేదా? పెడతారు. మరి ఆ టిక్ దేన్ని కొలిచినట్టు?

మా పిల్లలు ఇక్కడ పుట్టి పెరిగినా ఇంట్లో వాతావరణం తెలుగే. ఇదంతా వాళ్లకి సంబంధం లేని ఇంగ్లిష్‌వాళ్ల గొడవ కాదా?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది, జవాబు కొంచెం పెద్దదే.

స్లౌలోనో కెంట్‌లోనో బకింగ్‌హామ్‌షైర్‌లోనో ఉండే తెలుగు ఇల్లు ఊహించుకోండి. పిల్లవాడు ఇయర్ 4లో ఉండగానే లెవెన్ ప్లస్ కోచింగ్ మొదలవుతుంది, అంటే పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే ప్రభుత్వ గ్రామర్ స్కూళ్ల ఎంట్రన్స్‌కి. శనివారం ట్యూషన్, ఆదివారం మాక్ టెస్ట్. ఇల్లు మారాల్సి వస్తే మొదట చూసేది గ్రామర్ స్కూల్ క్యాచ్‌మెంట్, అంటే ఆ స్కూల్ పిల్లల్ని తీసుకునే చుట్టుపక్కల ప్రాంతం. ఇంగ్లండ్ మొత్తంలో మిగిలిన గ్రామర్ స్కూళ్లు 163. వాటిలో సీటు కోసం ఈ హడావుడంతా.

ఇప్పుడు విద్య చాప్టర్ తెరవండి. 1944 చట్టం తర్వాత లెవెన్ ప్లస్ పరీక్షతో పిల్లల్ని వేరువేరు స్కూళ్లకి పంచిన పద్ధతి అందులో ఉంటుంది. 1988 చట్టంతో తల్లిదండ్రులకి స్కూల్ ఎంచుకునే హక్కు ఇచ్చి, స్కూళ్ల మధ్య పోటీ పెట్టిన కథ ఉంటుంది. ఆ ఎంపిక అందరికీ ఒకేలా దక్కలేదని 1995లో గెవర్ట్జ్, బాల్, బో లండన్‌లో చేసిన పరిశోధన చెప్తుంది. చదువు, డబ్బు, టైమ్, వ్యవస్థ ఎలా పనిచేస్తుందో తెలిసిన మధ్యతరగతి వాళ్లే దాన్ని బాగా వాడుకోగలిగారు. ఆ పేజీలో ఉన్నది మనమే. ఐటీ ఉద్యోగం మీద వచ్చి, రెండేళ్లలో ఇక్కడి స్కూల్ అడ్మిషన్ల కిటుకులన్నీ పట్టేసి, క్యాచ్‌మెంట్ మ్యాపులు వాట్సాప్ గ్రూపుల్లో పంచుకునే నాన్న అచ్చం ఆ వర్గంలోకే వస్తాడు. అదే ఊళ్లో కేర్ హోమ్‌లో నైట్ షిఫ్టులు చేసే తెలుగు అమ్మకి ఆ టైమూ లేదు, ట్యూషన్‌కి డబ్బూ లేదు. ఇద్దరిదీ ఒకే భాష, ఒకే ఉగాది పచ్చడి. స్కూల్ వ్యవస్థ ముందు మాత్రం ఇద్దరి స్థానం ఒకటి కాదు.

ఇంకో విషయం పిల్లలకి సూటిగా తగులుతుంది. ఇక్కడ ఇండియన్ పిల్లల సగటు ఫలితాలు వైట్ బ్రిటిష్ పిల్లల సగటు కన్నా మెరుగ్గా ఉంటాయి. మనం గర్వంగా చెప్పుకుంటాం. లూయిస్ ఆర్చర్ అనే పరిశోధకురాలు దీన్నే ఇంకోవైపు నుంచి చూసింది. టీచర్ల మాటల్లో 'ఆదర్శ విద్యార్థి' అంటే పుట్టుకతో తెలివైన తెల్ల మధ్యతరగతి పిల్లవాడు. బాగా చదివే ఆసియా పిల్లలు మాత్రం కష్టపడి రుద్దేవాళ్లు, ఇంట్లో ఒత్తిడితో చదివేవాళ్లు, నోరెత్తనివాళ్లు. ఫలితం అదే అయినా మెప్పు తక్కువ. ఈ పాఠం చెప్పిన రోజు క్లాసులో వెనక బెంచీలో కూర్చునే మన అమ్మాయిలు కూడా మాట్లాడతారు. పేరెంట్స్ ఈవెనింగ్‌లో "చాలా సైలెంట్, చాలా హార్డ్ వర్కింగ్" అనిపించుకోని తెలుగు పిల్ల నాకు ఇంతవరకు తగల్లేదు.

కుటుంబం టాపిక్‌లోనూ అంతే. పురుడు పోయడానికి అమ్మమ్మ విజిటర్ వీసా మీద 6 నెలలు వచ్చి వెళ్లడం, ఆవిడ వెళ్లగానే నానమ్మ దిగడం మనకి మామూలే. ఉమ్మడి కుటుంబాలు పోయి చిన్న కుటుంబాలే మిగిలాయన్న పాత వాదనని దీనితో ప్రశ్నించొచ్చు. దూరంగా ఉంటూనే రాకపోకలతో, ఫోన్లతో కలిసి నడిచే విస్తృత కుటుంబం గురించి విల్‌మాట్ అనే సోషియాలజిస్ట్ 1980ల్లోనే రాశాడు. అప్పుడు కారు, టెలిఫోన్. ఇప్పుడు వీడియో కాల్‌లో వంట చూపించే అత్తగారు.

కులం గురించి చెప్తారా? పిల్లలకి మేమెప్పుడూ చెప్పలేదు.

పుట్టుకతోనే స్థానం ఖాయమయ్యే వ్యవస్థకి ఉదాహరణగా పుస్తకాల్లో రెండు మూడు పేరాలుంటుంది. ఆ కాస్తలో కులమంటే ఎప్పుడో ఊళ్లలో ఉండేది అన్నట్టు కనిపిస్తుంది. అది సరిపోదని నా అభిప్రాయం. బ్రిటన్‌లోనే కుల వివక్ష చట్టం పరిధిలోకి రావాలా అని పెద్ద చర్చ జరిగింది. 2010 సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చడానికి వీలు కల్పించారు. 2014లో ఒక అప్పీలు ట్రిబ్యునల్, కులం కొన్ని సందర్భాల్లో జాతి మూలం కిందకి రావొచ్చని చెప్పింది. 2018లో ప్రభుత్వం ప్రత్యేకంగా చట్టం చేయమని, కోర్టు తీర్పులే చాలని తేల్చింది.

పిల్లలకి చెప్పకపోతే తెలియదనుకోవద్దు. పెళ్లి సంబంధాల మాటలు, "వాళ్లు మనవాళ్లేనా?" అన్న ప్రశ్న హాల్లో వినబడుతూనే ఉంటాయి. క్లాసులో పాఠం వచ్చిన సాయంత్రం పిల్లలు ఇంట్లో అడుగుతారు. మాట దాటేయకుండా జవాబు చెప్పండి. ఆసక్తి ఉన్న పిల్లలకి హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట గురించి చెప్తాను. ఎస్.సి. దూబే ఆ ఊరి మీద చేసిన అధ్యయనం 1955లో పుస్తకంగా వచ్చింది. సిలబస్‌లో లేదు. కానీ వారాంతాల్లో కార్లేసుకుని షికారుకి వెళ్లే ఆ ఊరిని ఒక శాస్త్రవేత్త ఇంటింటికీ, కులం కులానికీ తిరిగి చదివాడని తెలిస్తే పిల్లలకి ఈ సబ్జెక్ట్ ఒక్కసారిగా దగ్గరవుతుంది.

'మెథడ్స్ ఇన్ కాంటెక్స్ట్' అంటే మా వాడు భయపడుతున్నాడు. అదేమిటి?

మొదటి పేపర్‌లో 20 మార్కుల ప్రశ్న. చాలామంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. ఒక విద్యా సమస్య ఇచ్చి, దాన్ని ఫలానా పద్ధతిలో పరిశోధిస్తే లాభనష్టాలేమిటి అని అడుగుతారు. పిల్లలు ఆ పద్ధతి గురించి తెలిసినవన్నీ కక్కేస్తారు. ప్రశ్న కోరేది ఈ పద్ధతి ఈ సమస్యకి ఎలా సరిపోతుందని.

ప్రశ్న ఇలా అనుకోండి: పిల్లల చదువులో తల్లిదండ్రుల పాత్రని ప్రశ్నావళులతో పరిశోధించడం. "ప్రశ్నావళి చవక, తొందరగా అయిపోతుంది" అని రాసి ఆపేస్తే అది ఏ సమస్యకైనా రాసే వాక్యం. ఇలా ఆలోచించాలి. ప్రశ్నావళిని పిల్లల బ్యాగుల్లో పెట్టి పంపితే ఎన్ని ఇంటికి చేరతాయి, ఎన్ని బ్యాగు అడుగున అరటిపండు కింద నలిగిపోతాయి? నైట్ షిఫ్ట్ చేసి పొద్దున పడుకున్న తల్లి నింపుతుందా? నింపి పంపేవాళ్లు ముందే చదువు మీద శ్రద్ధ ఉన్నవాళ్లయితే ఫలితం ఒకవైపుకి ఒరిగిపోదా? ఇంగ్లిష్ అంతగా రాని తల్లి తరఫున ఇయర్ 8 పిల్లే నింపేస్తే అది ఎవరి జవాబు? "రోజూ హోంవర్క్ చూస్తారా?" అని స్కూల్ లెటర్‌హెడ్ మీద అడిగితే "లేదు" అని టిక్ పెట్టే ధైర్యం ఎంతమందికుంటుంది? ఇంకోవైపు, ఊరు మొత్తం మీద వందలమందిని అడిగి వర్గాల వారీగా పోల్చాలంటే ఇంతకన్నా తేలికైన దారి కూడా లేదు.

రెండువైపులా ఇలాంటి నాలుగైదు పాయింట్లు, ఇచ్చిన ఐటమ్‌లోంచి (ప్రశ్నతోపాటు ఇచ్చే చిన్న పేరా) ఒకటి రెండు దారాలు పట్టుకుని రాస్తే మంచి మార్కులు వస్తాయి. మీరు ఎప్పుడో నింపకుండా వదిలేసిన స్కూల్ ఫారాల గురించి పిల్లవాడికి చెప్పండి. నవ్వుకుంటూనే నేర్చుకుంటాడు.

ఎంతమంది పేర్లు గుర్తుపెట్టుకోవాలి?

అనుకున్నంత మంది అక్కర్లేదు. వందమంది పేర్లు ఒక్కో లైన్‌లో తెలియడం కన్నా ఇరవై అధ్యయనాలు లోతుగా తెలియడం నయం. ఎవరు, ఎక్కడ, ఎలా చేశారు, ఏం తేలింది, ఏ లోపం పట్టారు అన్నవి తెలిస్తే ఒక్క అధ్యయనాన్నే మూడు నాలుగు ప్రశ్నల్లో వాడుకోవచ్చు.

పాల్ విల్లిస్ 1977 పుస్తకం చూడండి. ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లో ఒక స్కూల్‌లో 12 మంది శ్రామిక వర్గపు అబ్బాయిల వెంట తిరిగాడు. స్కూల్‌ని ఎగతాళి చేస్తూ, చదివేవాళ్లని ఏడిపిస్తూ, చివరికి వాళ్ల నాన్నల ఫ్యాక్టరీ పనుల్లోకే వెళ్లిపోయిన పిల్లలు. ఇది విద్య వ్యాసంలో పనికొస్తుంది, సిద్ధాంతాల్లో పనికొస్తుంది, చిన్న నమూనా మీద విమర్శ కోసం పరిశోధన పద్ధతుల్లోనూ పనికొస్తుంది. రోసెంథాల్, జేకబ్సన్ 1968లో చేసిన ప్రయోగం కూడా అలాంటిదే. ఎలాంటి ఆధారం లేకుండా ఎంచిన 20 శాతం పిల్లల్ని "వీళ్లు ఈ ఏడాది దూసుకుపోతారు" అని టీచర్లకి చెప్పి, తర్వాత ఏమైందో చూశారు.

మెడిసిన్ అనుకుంటున్నాం. మూడో సబ్జెక్ట్‌గా తీసుకోవచ్చా?

చాలా మెడికల్ స్కూళ్లు కెమిస్ట్రీ, బయాలజీ అడుగుతాయి. మూడోది ఏదైనా పర్వాలేదనే చోట్లు ఎక్కువే. కానీ ప్రతిచోటా కాదు కాబట్టి మీరనుకునే యూనివర్సిటీ వెబ్‌సైట్ చూసుకోండి. మామూలుగా సైకాలజీ, హిస్టరీ, పాలిటిక్స్, ఇంగ్లిష్, జాగ్రఫీలతో ఇది బాగా కలుస్తుంది. మూడూ వ్యాసాల సబ్జెక్టులే తీసుకుంటే చేతులు పడిపోతాయి, అది ముందే తెలుసుకోండి. మ్యాథ్స్‌తో కలిపి తీసుకునేవాళ్లు తక్కువే గానీ నాకది చాలా మంచి జోడీ అనిపిస్తుంది. అంకెలకి భయపడని సోషియాలజిస్టుకి గిరాకీ ఉంటుంది.

మంచి యూనివర్సిటీలు దీన్ని చిన్నచూపు చూస్తాయా?

రసెల్ గ్రూప్ అంటే పరిశోధనకి పేరున్న యూనివర్సిటీల బృందం. డిగ్రీ సీట్లకి తరచుగా అడిగే ఏ-లెవెల్ సబ్జెక్టుల లిస్ట్ ఒకటి వాళ్లు ఒకప్పుడు ప్రచురించేవాళ్లు. సోషియాలజీ అందులో లేదు. ఆ లిస్ట్‌ని 2019లో తీసేశారు, అయినా మన గ్రూపుల్లో పాత పీడీఎఫ్ ఇంకా తిరుగుతూనే ఉంది. కేంబ్రిడ్జ్‌లో సోషియాలజీని మానవ, సామాజిక, రాజకీయ శాస్త్రాలు కలిసిన కోర్సులో చదువుతారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఒక్క సోషియాలజీయే డిగ్రీగా లేదు, పీపీఈలోనో (ఫిలాసఫీ, పాలిటిక్స్, ఎకనామిక్స్ కలిసిన డిగ్రీ) హ్యూమన్ సైన్సెస్‌లోనో భాగంగా ఉంటుంది. యూనివర్సిటీ అప్లికేషన్‌లో విద్యార్థి తన గురించి రాసే పర్సనల్ స్టేట్‌మెంట్ 2026 అడ్మిషన్ల నుంచి మూడు ప్రశ్నల రూపంలోకి మారింది. క్లాసు బయట ఏం చదివారో, ఏం ఆలోచించారో చెప్పాల్సి ఉంటుంది కాబట్టి ఇయర్ 12 వేసవి సెలవుల్లో ఒకటి రెండు అసలు పుస్తకాలు చదివి ఉంటే మంచిది.

పనిలో పనిగా ఇంకో మాట. వర్క్ వీసా మీద ఉన్న కుటుంబాల్లో పిల్లల సిక్స్త్ ఫామ్ చదువు మామూలుగా ఉచితమే గానీ, యూనివర్సిటీలో హోమ్ ఫీజా ఓవర్‌సీస్ ఫీజా అన్నది మీ ఇమిగ్రేషన్ స్టేటస్‌ని బట్టి ఉంటుంది. ఆ తేడా చిన్నది కాదు. ఇయర్ 12లోనే కనుక్కోండి.

ఉద్యోగాలు వస్తాయా?

ఏ-లెవెల్ సోషియాలజీ ఒక్కదానితో ఏ ఉద్యోగమూ రాదు, ఏ-లెవెల్ ఫిజిక్స్ ఒక్కదానితోనూ రాదు. డిగ్రీ దాకా వెళ్లినవాళ్లు సివిల్ సర్వీస్, సోషల్ వర్క్, టీచింగ్, జర్నలిజం, హెచ్‌ఆర్, మార్కెట్ రీసెర్చ్‌లలోకి వెళ్తారు. లా చదవాలంటే ఏ-లెవెల్‌లో లా చదివి ఉండనవసరం లేదు, అక్కడికి సోషియాలజీ మంచి దారే. ఐటీ నాన్నలకి ఒక కబురు: మీ ఆఫీసులో యాప్ వాడేవాళ్లని ఇంటర్వ్యూ చేసే యూజర్ రీసెర్చ్ టీమ్ ఉంటే, వాళ్లలో ఎవరు ఏం చదివారో ఒకసారి అడిగి చూడండి.

పిల్లలు మార్క్సిస్టులైపోతారా?

మార్క్స్‌ని చదువుతారు. ఆ పక్కనే ఆయన్ని తిట్టినవాళ్లని, ఫెమినిస్టుల్ని, మార్కెట్‌కి జై కొట్టే న్యూ రైట్ వాళ్లని కూడా చదువుతారు. అన్నం తినేటప్పుడు వాదించడం మాత్రం ఎక్కువవుతుంది. ఇంటిపని ఎవరు చేస్తున్నారో పిల్లలు లెక్కపెట్టడం కూడా మొదలుపెడతారు. దానికి నేను బాధ్యురాలిని కాను.

తర్వాత ఇండియా వెళ్లి సివిల్స్ రాస్తే పనికొస్తుందా?

యూపీఎస్‌సీ మెయిన్స్‌లో సోషియాలజీ ఆప్షనల్‌గా ఉంది. మార్క్స్, డర్క్‌హైమ్, వెబర్, మెర్టన్ ఇక్కడా అక్కడా ఒకరే. భారతీయ సమాజం పేపర్‌కి మాత్రం ఘుర్యే, శ్రీనివాస్ వంటి భారతీయ సోషియాలజిస్టుల్ని మొదటి నుంచి చదవాలి.

ట్యూషన్ పెట్టించాలా? మేం ఇంట్లో ఏం చేయొచ్చు?

మొదట స్కూల్ టీచర్ దిద్దిన పేపర్లు చూడండి. ఒకే రకం వ్యాఖ్య మూడుసార్లు వస్తే, అంటే "ఐటమ్ వాడలేదు", "విమర్శ లేదు" లాంటివి, దాని మీదే పని చేయాలి. దానికి ట్యూటర్ అక్కర్లేదు, బోర్డు వెబ్‌సైట్‌లో దొరికే పాత పేపర్లు, మార్క్ స్కీములు చాలు. ఆ తర్వాతా కదలిక లేకపోతే అప్పుడు ట్యూటర్ గురించి ఆలోచించండి.

ఇంట్లో చేయగలిగింది వినడం. పిల్లని ఒక అధ్యయనం గురించి తెలుగులో చెప్పమనండి. ఇంగ్లిష్‌లో కంఠతా పట్టిన వాక్యం తెలుగులోకి రాదు. అర్థమైతేనే వస్తుంది. మధ్యలో తడబడిన చోటు ఏదో ఇద్దరికీ తెలిసిపోతుంది.

గ్రేడ్ అనుకున్నట్టు రాకపోతే?

ఫలితాలు ఆగస్టు మధ్యలో వస్తాయి. ముందుగా ఆఫర్ ఇచ్చిన యూనివర్సిటీకి ఫోన్ చేయండి, ఒక గ్రేడ్ తగ్గినా తీసుకునే సందర్భాలుంటాయి. కాదంటే క్లియరింగ్‌లో, అంటే మిగిలిపోయిన సీట్లు నింపే పద్ధతిలో, ఇతర కోర్సులు చూడొచ్చు. ఒక గ్రేడ్‌కి రెండు మూడు మార్కుల దూరంలో ఆగిపోతే రివ్యూ (దిద్దిన పేపర్ మళ్లీ చూడమనడం) గురించి స్కూల్‌తో మాట్లాడండి. మార్కులు పెరగొచ్చు, తగ్గనూవచ్చు. మళ్లీ రాయాలంటే వచ్చే వేసవి దాకా ఆగాలి, మూడు పేపర్లూ రాయాలి. ఫోన్ మాత్రం పిల్లే చేయాలి, యూనివర్సిటీలు సాధారణంగా విద్యార్థితోనే మాట్లాడతాయి. మీరు పక్కన కూర్చుని యూకాస్ (యూనివర్సిటీ అప్లికేషన్లు చూసే సంస్థ) నంబర్ ఉన్న కాగితం పట్టుకోండి.